జిరాక్సు పొడి, రాగి రేకు, బొగ్గుల ఇస్త్రీ పెట్టె

మిద్దె మీద ట్యాంకు నిండితే మోటారు దానంతటదే ఆగాలి, అడుగంటితే మళ్ళీ తిరగాలి. ఈ మాత్రం పనికి బజారులో రెడీమేడ్ పెట్టెలు దొరక్కపోవు. కానీ ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాడికి అలాంటివి కొనుక్కురావడం కొంచెం నామోషీ. ఒక 555 ఐసీ (టైమర్ చిప్పు), 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చి), దాన్ని లాగడానికి ఒక బీసీ547 ట్రాన్సిస్టరు, ట్యాంకులోకి దిగే మూడు స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు, అంతే సర్క్యూట్. భాగాలను అతక్కుండా గుచ్చి చూసే బ్రెడ్‌బోర్డు మీద శుభ్రంగా పనిచేసింది. అలాగని బ్రెడ్‌బోర్డును తీసుకెళ్ళి మిద్దె మీద పెట్టలేం. నిండా బొక్కలుండే జీరో బోర్డు మీద వైర్లు అల్లి అతకొచ్చు గానీ, రిలే దగ్గర 230 వోల్టులు తిరిగే చోట ఆ వైర్ల చిక్కు నాకు ఇష్టం లేదు. ఫైలు పంపితే సర్క్యూట్ బోర్డును అచ్చు వేసినట్టు చేసిచ్చే కంపెనీలు ఉన్నాయి. వాటికి ఒక్క బోర్డు ఆర్డరిస్తే గిట్టదు, పైగా పార్సిల్ కోసం రోజులు లెక్కపెట్టుకోవాలి. నాకు కావలసింది ఒక్కటి, అదీ ఆ ఆదివారంలోగా.

అందుకే బోర్డును ఇంట్లోనే చేసుకునే టోనర్ ట్రాన్స్‌ఫర్ పద్ధతి పట్టాను. లేజర్ ప్రింటరులో, జిరాక్సు మిషనులో ఉండేది సిరా కాదు, టోనర్ అనే మెత్తటి ప్లాస్టిక్ పొడి. నలుపు కోసం అందులో కార్బన్ కలుపుతారు, కొన్నింటిలో ఐరన్ ఆక్సైడ్ కూడా ఉంటుంది. వేడి తగిలితే మెత్తబడి కాగితానికి అతుక్కుంటుంది. అదే పొడిని రెండోసారి వేడిచేసి, రాగి రేకు అతికించిన బోర్డు మీదికి ఎక్కించి, ఆ బోర్డును రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేస్తే, పొడి కప్పిన చోట రాగి నిలుస్తుంది, మిగతా రాగి కరిగిపోతుంది. నిలిచిన రాగి గీతలే వైర్ల పని చేసే ట్రాకులు. ఇంక్‌జెట్ ప్రింటు దీనికి పనికిరాదు, ఆ సిరా నీళ్ళపాలు. 1938లో చెస్టర్ కార్ల్‌సన్ మొదటి జిరాక్సు కాపీ తీసినప్పుడు చేసింది కూడా దాదాపు ఇదే: గంధకం పూసిన పలక మీద పొడి చల్లి, దాన్ని మైనపు కాగితం మీదికి అద్ది, వేడిచేసి నిలబెట్టాడు. ఒక చోటి పొడిని ఇంకో చోటికి మార్చి కాల్చడం అనే కిటుకు అప్పటినుంచీ ఉన్నదే, మనం కాగితం బదులు రాగి వాడుతున్నాం.

వీడియోల్లో చూస్తే అందరూ ఇస్త్రీ పెట్టె దగ్గరే ఎక్కువసేపు నిలబడతారు. ఎంత వేడి, ఎన్ని నిమిషాలు, ఎంత ఒత్తిడి అని అక్కడే చర్చంతా. నా అనుభవంలో అయితే ఇస్త్రీ దాకా వచ్చేసరికే బోర్డు బాగా వస్తుందో రాదో తేలిపోయి ఉంటుంది. గీసిన బొమ్మ, ప్రింటు నలుపు, రాగి శుభ్రం, ఈ మూడూ కుదిరితే పెట్టె ఎలాంటిదైనా పని జరిగిపోతుంది.

సర్క్యూట్ బోర్డులు గీసే కైక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీశాను. కంపెనీ బోర్డుకు గీసినట్టు సన్నటి గీతలు గీస్తే ఈ పద్ధతిలో ఏడవాల్సిందే. చోటు ఉన్న ప్రతిచోటా ట్రాకులు 1 మి.మీ. పైనే పెట్టాను, రిలే కాంటాక్టులకు వెళ్ళేవి ఇంకా వెడల్పు. భాగాల కాళ్ళు అతికే ప్యాడ్లు 2 మి.మీ. ఐసీ పిన్నుల మధ్య దూరం 2.54 మి.మీ. కాబట్టి అంత ప్యాడ్ పెట్టాక రెండు పిన్నుల మధ్యనుంచి ట్రాకు పోనివ్వడం కుదరదు. ఇంకో దారి చూసుకోవాలి, లేదా పైనుంచి ఒక జంపర్ వైరు వెయ్యాలి. నేను జంపర్లే వేశాను, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ప్రతి ప్యాడ్ నడుమ చిన్న చుక్కంత ఖాళీ వచ్చేలా డ్రిల్ మార్కులు 'స్మాల్' పెట్టుకున్నాను. తర్వాత డ్రిల్లు బిట్టు జారకుండా ఆ గుంట పట్టుకుంటుంది. 230 వోల్టుల మెయిన్స్ వైపు రాగికీ, 12 వోల్టుల వైపు రాగికీ నడుమ కనీసం 6 మి.మీ. వదిలేశాను. మోటారు కరెంటు అసలు ఈ బోర్డులోంచి పోదు. రిలే చేసేది మోటారును నడిపే పెద్ద స్విచ్చికి, అంటే కాంటాక్టర్ కాయిల్‌కు, కరెంటు ఇవ్వడం వరకే. ఒక హెచ్‌పీ మోటారు స్టార్టింగులో లాగే కరెంటును ఇంట్లో చేసిన ట్రాకు మీదుగా పంపే ధైర్యం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు కూడా.

ఎక్కువమంది తికమకపడేది అద్దంలో బొమ్మ దగ్గర. రాగి బోర్డుకు కిందవైపు ఉంటే, అంటే భాగాలు పైన గుచ్చి కింద అతికే మామూలు బోర్డైతే, కైక్యాడ్ స్క్రీను మీద కనిపించేది పైనుంచి బోర్డును దాటి చూసిన బొమ్మ. కాగితాన్ని రాగి మీద బోర్లించినప్పుడు అది ఎలాగూ తిరగబడుతుంది. కాబట్టి మిర్రర్ పెట్టకుండా ఉన్నదున్నట్టు ప్రింటు తీయాలి. పైవైపు రాగికైతే మిర్రర్ కావాలి. నేను రాగి వైపు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకుంటాను. కాగితం మీద అవి తిరగబడి కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు.

మా గుంటూరు బ్రాడీపేటలో జిరాక్సు షాపులకు కొదవలేదు, కోచింగ్ సెంటర్ల పుణ్యం. కానీ అన్ని మిషన్ల ప్రింటూ ఒకటి కాదు. ఒకచోట టోనర్ సేవ్ మోడ్‌లో తీస్తారు. ఇంకోచోట రీఫిల్ పొడి పలచగా పడుతుంది, నల్లటి పెద్ద మచ్చ మధ్యలో బూడిద రంగు తేలుతుంది. నేను ముందు మామూలు ఏ4 మీద ఒక్కో షాపులో ఒక్కో ప్రింటు తీయించి, దీపానికి అడ్డంపెట్టి చూశాను. వెలుగు చుక్కలు చుక్కలుగా బయటికి వస్తే ఆ షాపుకు దండం పెట్టడమే. ఫైలు వాట్సాప్‌లో ఫోటోగా పంపకూడదు, పీడీఎఫ్‌ను డాక్యుమెంటుగా పంపాలి. 'ఫిట్ టు పేజ్' తీయించి స్కేలు నూటికి నూరు పెట్టించాలి. ఇది చిన్న విషయం కాదు. నలభై పిన్నుల ఐసీ ఒక వరుసలో మొదటి పిన్ను నుంచి చివరి పిన్ను దాకా 48.26 మి.మీ. ఉంటుంది. ప్రింటరు మూడు శాతం తగ్గిస్తే చివర్లో దాదాపు ఒకటిన్నర మి.మీ. తేడా వచ్చి ఐసీ దిగదు. బొమ్మ మూలన సరిగ్గా 50 మి.మీ. గీత ఒకటి గీసి పెట్టుకుంటాను. కౌంటరు దగ్గరే స్కేలుతో కొలిచి చూస్తే అనుమానం ఉండదు.

ఇక కాగితం. బట్టల షాపుల వాళ్ళు పేపర్లో పెట్టి పంపే నున్నటి పాంప్లెట్లు పనికొస్తాయి, వాడాను కూడా. వాటితో వచ్చే గొడవ తర్వాత నీళ్ళలో నానబెట్టి బొటనవేలితో కాగితం గుజ్జును రుద్ది రుద్ది తీయడం. ట్రాకుల మధ్య తెల్లటి పీచు మిగిలితే దాని కింద రాగి కరగదు. నాకు నచ్చింది స్టిక్కర్ వెనక కాగితం. బండ్ల నంబర్ ప్లేట్లకు అక్షరాలు కోసే రేడియం స్టిక్కర్ల షాపులో స్టిక్కర్ ఒలిచాక మిగిలే పసుపు కాగితం గుట్టలు గుట్టలుగా పడేస్తారు. అడిగితే నవ్వి ఊరికే ఇచ్చేశారు. దాని నున్నటి వైపు సిలికాన్ పూత ఉంటుంది. టోనర్ దాని మీద అంటీ అంటనట్టు నిలబడి, రాగి వేడిగా తగలగానే అటు దూకేస్తుంది. నానబెట్టే పని లేదు.

చిక్కల్లా దాన్ని మిషనులో పెట్టించడం దగ్గరే.

"అన్నా, ఇది జారుద్ది. లోపల చుట్టుకుందంటే మా ఓనరు నన్ను చంపేస్తాడు," అన్నాడు షాపు కుర్రాడు.

అతని భయం న్యాయమైనదే. జిగురు మిగిలిన స్టిక్కర్ ముక్క లోపలికి పోతే టోనర్‌ను వేడితో అతికించే ఫ్యూజర్ రోలరు పాడవుతుంది. అందుకే బొమ్మ పడే చోటుకు సరిపడా ముక్క కోసి, జిగురు ఎక్కడా లేదని అతని చేతే తడిమి చూపించి, మామూలు ఏ4 మీద ముందు అంచును కాగితపు టేపుతో అతికించి ఇచ్చాను. చేత్తో పెట్టే ట్రేలోంచి తీశాడు. ప్రింటు వచ్చాక దాన్ని మడవకూడదు, వేలు తగలనివ్వకూడదు. తగిలిన చోట టోనర్ వేలికి వచ్చేస్తుంది. లాంగ్‌నోట్‌బుక్కు అట్టకు క్లిప్పు పెట్టి, బొమ్మ మీద ఏదీ ఆనకుండా ఇంటికి తెచ్చాను.

రాగి రేకు బోర్డు విజయవాడ వెళ్ళినప్పుడు తెచ్చి ఉంచుకున్నదే: గ్లాస్ ఎపాక్సీ, 1.6 మి.మీ. మందం, ఒకవైపే రాగి, ఆ రాగి మందం 35 మైక్రాన్లు. గోధుమ రంగు ఫినోలిక్ బోర్డు చవక, డ్రిల్లు కూడా సులువుగా దిగుతుంది. కానీ సోల్డరింగ్ వేడికి ప్యాడ్ లేచివచ్చే గుణం దానికి ఎక్కువ. హ్యాక్‌సా బ్లేడుతో కోశాక అంచులు ఆకురాయితో అరగదీయాలి. అంచు కొంచెం పైకి లేచి ఉన్నా కాగితం రాగికి ఆనదు, ఆ పక్కనున్న ట్రాకు పడదు.

తర్వాత తోమడం. పనంతా ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం. గిన్నెలు తోమే సబ్బు, ఆకుపచ్చ స్క్రబ్బరు తీసుకుని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా తోమాను. ఆ పైన 600 నంబరు వాటర్ పేపరు తడిపి మెల్లగా. రాగి అద్దంలా మెరవక్కర్లేదు, నిజానికి మెరవకూడదు. సన్నటి గీరలు ఉంటేనే టోనర్‌కు పట్టు దొరుకుతుంది. అయిందో లేదో నీళ్ళే చెబుతాయి. కుళాయి కింద పట్టి తీసి వాలుగా ఉంచితే, శుభ్రమైన రాగి మీద నీళ్ళు ఒకే పొరగా కాసేపు నిలబడతాయి. ఎక్కడైనా పొర చిట్లి బొట్లుగా విడిపోయిందంటే అక్కడ జిడ్డు ఉన్నట్టే, మళ్ళీ తోమాలి. మన వంటింట్లో పోపుల జిడ్డు గాల్లోనే ఉంటుంది కాబట్టి ఈ పని బాత్‌రూములో పెట్టుకోవడం మేలు. చివర్లో అసిటోన్ దూదితో ఒకసారి తుడిచి, ఇక అక్కడినుంచి అంచులు మాత్రమే పట్టుకోవాలి. వేలిముద్ర పడిన చోట తర్వాత వేలిముద్ర ఆకారంలోనే టోనర్ ఊడడం కళ్ళారా చూడొచ్చు.

ఇంట్లో ఉన్నది ఆవిరి ఇస్త్రీ పెట్టె. తేలిగ్గా ఉంటుంది, అడుగంతా ఆవిరి బొక్కలు. బొక్క ఉన్న చోట ఒత్తిడి ఉండదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, మే నెల మరి. వీధి చివర వేపచెట్టు కింద ఇస్త్రీ బండి గుర్తొచ్చింది. ఆ బొగ్గుల పెట్టె బరువు చేత్తో ఎత్తినవాళ్ళకే తెలుస్తుంది. అడుగు ఒకే పలక, బొక్కలూ లేవు, కరెంటుతో పనీ లేదు.

"బాబాయ్, ఒక్క ఐదు నిమిషాలు పెట్టె వాడుకోవచ్చా?"

"బట్టలేయి?"

"బట్టలు కాదు, ఇదిగో, రాగి రేకు."

అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏందయ్యా ఇది, దీనికి ఇస్త్రీ ఏంది? కాలిందంటే నా పూచీ లేదు మరి."

బండి మీద దుప్పటి మడతలు మెత్తగా ఉంటాయని, నేను తెచ్చుకున్న చెక్క ముక్క వేసి దాని మీద బోర్డు పెట్టాను. ముందు ఉత్త బోర్డు మీదే పలచటి నూలుగుడ్డ పరిచి పెట్టె ఆనించి వేడెక్కించాం. చల్లటి రాగి వేడిని లాగేసుకుంటుంది, ముందే కాగితం పెడితే టోనర్ సగం కరిగి జరుగుతుంది. బోర్డు కాలాక కాగితాన్ని ఒక అంచు నుంచి బోర్లించి వాల్చాను. తగలగానే అతుక్కుంది, ఇక సర్దే వీలు లేదు. అక్కడినుంచి బాబాయే అందుకున్నాడు. రుద్దొద్దు, అద్ది పట్టుకో చాలు అంటే అర్థం చేసుకున్నాడు. కాలరు మూలలు ఇస్త్రీ చేసే అలవాటు కదా, పెట్టె మొనతో నాలుగు అంచులూ నేను చెప్పకుండానే విడివిడిగా నొక్కాడు. మూడు నాలుగు నిమిషాలు చాలింది. ఇంకా నొక్కితే టోనర్ పక్కలకు పాకి పక్కపక్క ట్రాకులు కలిసిపోతాయి. డబ్బులు ఇవ్వబోతే, ఇది పనిచేస్తే వచ్చి చెప్పు అన్నాడు.

స్టిక్కర్ కాగితాన్ని వేడి మీద లాగకూడదు. పూర్తిగా చల్లారాక ఒక మూల నుంచి మెల్లగా ఎత్తితే, కాగితం మీద నలుపు మచ్చ కూడా మిగలకుండా ఒలిచినట్టు వచ్చింది. భూతద్దంతో ప్రతి ట్రాకూ చూశాను. పెద్ద గ్రౌండ్ మచ్చలో (సర్క్యూట్ నెగటివ్ వైపు కోసం వెడల్పుగా వదిలిన చోటు) అక్కడక్కడ సూదిమొనంత బొక్కలు ఉన్నాయి. పర్మనెంట్ మార్కరుతో రెండు పూతలు వేసి, ఆరనిచ్చాను. ఐసీ దగ్గర వెంట్రుకంత టోనర్ గీత రెండు ప్యాడ్లను కలిపేసింది. బ్లేడు మొనతో గీకితే పోయింది. ఈ దశలో గీకడం చిటికెలో పని, రాగి కరిగాక అయితే చాకిరీ.

ఫెర్రిక్ క్లోరైడ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వంద గ్రాముల పొడికి పావు లీటరు నీళ్ళు తీసుకున్నాను. నీళ్ళలో పొడిని కొంచెం కొంచెంగా వేస్తూ కలపాలి, పొడి మీద నీళ్ళు పొయ్యకూడదు. కలిసేటప్పుడు బాగా వేడెక్కుతుంది, ఘాటు వాసన కూడా వస్తుంది. ప్లాస్టిక్ టబ్బు, ప్లాస్టిక్ చెంచా, గ్లవ్స్, కళ్ళద్దాలు. స్టీలు సింకు దగ్గర అసలు పెట్టొద్దు, అది స్టీలును కూడా తింటుంది. టైల్సు మీద పడ్డ చుక్క పసుపు మచ్చగా ఉండిపోతుంది. ద్రావణం వేడిగా ఉంటే త్వరగా కొరుకుతుందని కొందరు వేడినీళ్ళ గిన్నెలో టబ్బు పెడతారు. గుంటూరులో రోహిణి కార్తెలో ఆ అవసరమే లేదు. మిద్దె మీద ఎండలో కాసేపు పెడితే వేలు పెట్టలేనంత వేడెక్కింది. పైగా గాలి ఆడుతుంది.

బోర్డును రాగి వైపు కిందికి పెట్టి తేలేలా వదిలాను. కరిగిన రాగి లవణం బరువుకు కిందికి దిగిపోతుంది, తాజా ద్రావణం రాగికి తగులుతూ ఉంటుంది. అడుగున పెట్టి వదిలేస్తే టబ్బును ఊపుతూ కూర్చోవాలి. మధ్యలో ఎత్తి చూస్తే ముందు రాగి మెరుపు పోయి ఎర్రగా మాసినట్టు అయింది. తర్వాత అంచుల నుంచి గ్లాస్ ఎపాక్సీ లేతరంగు బయటపడుతూ లోపలికి వచ్చింది. పెద్ద ఖాళీల మధ్య రాగి ఆఖరున పోయింది. అందుకే ఖాళీలను గ్రౌండ్ మచ్చతో నింపడం, కరిగించాల్సిన రాగీ తగ్గుతుంది, ద్రావణమూ మిగులుతుంది. పావుగంట దాటాక బోర్డును ఎండకు అడ్డంపెట్టి చూస్తే పలక మొత్తం వెలుగుతూ ట్రాకులు మాత్రం నల్లగా నిలబడ్డాయి. ఇక ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు. టోనర్ పైనుంచి కాపాడుతుంది గానీ పక్కలనుంచి కాపాడలేదు, ట్రాకు అంచులు కొరుక్కుపోతాయి.

వాడిన ద్రావణం గురించి ఎవరూ మాట్లాడరు. చాలామంది చేసేది తిన్నగా కాలవలో పొయ్యడం. అందులో ఉండేది రాగి లవణం, చేపలకు అది విషం. మా ఊళ్ళో పారే పీకల వాగు పరిస్థితి మనకు తెలియంది కాదు, దానికి మనవంతు ఇంకొకటి కలపక్కర్లేదు. ఒకసారి కలిపిన ద్రావణం ఇంత చిన్న బోర్డులు ఎన్నింటికో వస్తుంది కాబట్టి మూత బిగించి దాచుకోవచ్చు. రంగు చూస్తే అచ్చం కాఫీ డికాక్షన్, అందుకే కూల్‌డ్రింక్ సీసాలో పొయ్యకూడదు. తినేవీ తాగేవీ పెట్టని ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పెద్దక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టాలి. పూర్తిగా చచ్చుబడ్డాక వాషింగ్ సోడాను కొంచెం కొంచెంగా వేస్తే నురగ పొంగుతుంది. నురగ ఆగేదాకా వేసి ఒక రాత్రి వదిలితే రాగి, ఇనుము మడ్డిగా అడుక్కి దిగుతాయి. పాత విడత మడ్డిని నేను ఆరబెట్టి, సిమెంటులో కలిపి గట్టి ముద్ద చేశాను. అదైనా మొక్కల్లో పారెయ్యలేదు.

మిగతాది మామూలే. టోనర్‌ను అసిటోన్‌తో తుడిచాను. రెసిస్టర్లకు, ఐసీకి 0.8 మి.మీ., డయోడ్లకు 1 మి.మీ., రిలేకు, స్క్రూ టెర్మినళ్ళకు అంతకంటే కొంచెం పెద్ద బిట్టు. చేతి డ్రిల్లుకు కార్బైడ్ బిట్లు వద్దు, చెయ్యి కొంచెం ఒరిగితే టక్కున విరుగుతాయి. మామూలు హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు గ్లాస్ ఎపాక్సీకి త్వరగా మొద్దుబారుతుంది గానీ విరగదు. ఆ దుమ్ము గాజు పీచు, మాస్కు పెట్టుకోవాలి. ట్రాకుల మీద ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి రాసే పదార్థం) రాసి పలచగా సోల్డరింగ్ లెడ్ పూశాను, లేకపోతే ఉత్త రాగి కొన్నాళ్ళకే నల్లబడుతుంది. భాగాలన్నీ అతికాక, టెర్మినళ్ళకు టేపు వేసి, రాగి వైపంతా వార్నిష్ స్ప్రే కొట్టాను. కరెంటు ఇచ్చే ముందు మెయిన్స్ వైపుకీ 12 వోల్టుల వైపుకీ మధ్య మల్టీమీటరు పెట్టి కలయిక లేదని చూసుకున్నాను.

పనిచేస్తోందని ఇస్త్రీ బాబాయికి చెప్పాను. ఆయన చెప్పాడో ఏమో, పక్కింటి మాస్టారు వచ్చి తనకూ, తన అన్నదమ్ములకూ కలిపి నాలుగు కావాలన్నారు. నాలుగింటికి ఇంత తోముడు నావల్ల కాదు, ఆ ఫైళ్ళు కంపెనీకే పంపాను. పంపేముందు ఒక్క మార్పు చేశాను: స్క్రూ టెర్మినల్‌ను రిలేకు 4 మి.మీ. దూరం జరిపాను. చేతిలో ఉన్న బోర్డు మీద వైరు బిగించేటప్పుడు స్క్రూడ్రైవరు పిడి రిలేకు తగులుతోంది, అది స్క్రీను మీద కనిపించదు.